చెత్తబండి పక్కన సగం మనిషి
(పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగరోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన నౌకరీకి రావలసిన హక్కని తేల్చింది. ఏటా ఈ సభలో కరవు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మన కార్యదర్శిగారు నన్ను పిలిచి, "గురువుగారూ, మీ దగ్గర చెత్త ఫొటోలున్నాయట కదా, అవి తెచ్చి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. పండుగపూట చెత్త గురించేమిటి అని మా ఇంట్లో వాళ్ళు నవ్వారు. మీరూ నవ్వుతున్నారు. నవ్వండి, పరవాలేదు. హాలు కుడివైపు గోడకు 24 ఫొటోలు అంటించాను. టీ తాగేటప్పుడు ఒకసారి అటు నడవండి. వాటిలో ఒకటి ఒక మనిషికి పెన్షను ఇప్పించింది. ఆ సంగతి చివర చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు టీకి లేచిపోతారు.

నేను వక్తను కాను. గుమాస్తాని. 1973లో పురపాలక సర్వీసులో జూనియర్ అసిస్టెంటుగా చేరి, మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పట్టణాలలో 34 ఏళ్ళు పనిచేసి 2007లో రిటైరయ్యాను. అందులో సగం కాలం హెల్త్ సెక్షన్ సీటు. ఆ సీటంటే ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. టౌన్‌ప్లానింగు వారి దగ్గరికి జనం పళ్ళు పట్టుకొచ్చేవారు. మా దగ్గరికి కాలవ పొంగిందనో, కుక్క చచ్చిందనో తిట్లు పట్టుకొచ్చేవారు.

మా బావగారు మిలిటరీ నుంచి వస్తూ నాకొక అగ్ఫా క్లిక్ త్రీ కెమేరా ఇచ్చారు. ఇక్కడున్న పెద్దల్లో చాలామందికి ఆ డబ్బా గుర్తుండే ఉంటుంది. 120 రోలు, రోలుకు 12 ఫొటోలు. పెళ్ళిళ్ళకీ, పుట్టిన పిల్లలకీ 10 వాడి, మిగిలిన రెండూ రోలు పూర్తి చేయడానికి ఏదో ఒకటి తీసేవాడిని. ఆఫీసు దారిలో కనిపించేది చెత్తకుండీయే కాబట్టి దాన్నే తీశాను. మా ఇంటావిడ "డబ్బులు పోసి పెంటకుప్పలు తీస్తారా" అని సాధించేది. ఆ సాధింపులు కూడా ఇప్పుడు నాకు ఫొటోలలాగే మిగిలాయి. ఆవిడ లేదు.

ఇక గోడమీది ఫొటోల సంగతి.

మొదటి వరసలో నాలుగూ 1970ల నాటివి. మొదటిదానిలో సిమెంటు ఒర కనిపిస్తుంది. నూతికి దించే ఒరలాంటిదే. దాన్ని వీధి మలుపులో నిలబెట్టి చెత్తకుండీ అనేవారు. దానికి అడుగు లేదు, మూత లేదు. చెత్త ఒరలో ఎంతుందో చుట్టూ అంతకు రెండింతలుంది. పక్కన ఆవు నిలబడి ఉంది. రెండో ఫొటోలో ఎద్దుబండి. ఎద్దులకు దాణా, లాడాలు, పశువైద్యుడి సర్టిఫికెట్టు, ఇవన్నీ మా సెక్షను ఫైళ్ళే. ఎద్దు సెలవు పెట్టదు గాని జబ్బు పడుతుంది. ఆ రోజు ఆ వీధి చెత్త అక్కడే ఉండిపోయేది.

ఆ ఫొటోలను దగ్గరగా చూడండి. చెత్తలో ఏముందో చూడండి. విస్తరాకులు, బూడిద, కొబ్బరి పీచు, తాటాకు ముక్కలు, ఊక, పేడ, మట్టి. ప్లాస్టిక్కు సంచి ఒక్కటి వెదకండి, దొరకదు. అందుకే ఆనాటి మునిసిపాలిటీలకు చెత్త ఆదాయం కూడా. ఊరి బయట గుంటలు తీసి, చెత్త ఒక పొర, మలం ఒక పొర వేసి, మట్టి కప్పి కొన్ని నెలలు ఉంచితే ఎరువయ్యేది. దీన్ని బెంగుళూరు పద్ధతి అనేవారు. చుట్టుపక్కల రైతులు బండ్లు కట్టుకొచ్చి ఆ గత్తం కొనుక్కుపోయేవారు. పొలంలో పండినది ఊళ్ళో తిని, తిన్న మిగులు మళ్ళీ పొలానికే పోయేది. వినడానికి చక్కగా ఉంది గాని, ఆ గుంటల్లో రెండో పొర వేసింది ఎవరు? తట్టతో నెత్తిన మోసుకొచ్చిన మనుషులు. పొడి మరుగుదొడ్ల నుంచి మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో పార్లమెంటు చట్టం చేసింది. అది చాలక 2013లో మరింత గట్టి చట్టం చేయవలసి వచ్చింది. కాబట్టి పాతరోజులు బంగారం అని నేననను.

రెండో వరస చూసేటప్పుడు మీరొక లెక్క కట్టాలి. ఇది నేను నలభై ఏళ్ళు ఈ ఫొటోలు చూసి నేర్చుకున్న లెక్క. చెత్తబండి ఎంత పెద్దది, ఇంజనుందా లేదా అని చూడకండి. ఇంటినుంచి యార్డు దాకా వెళ్ళేలోపు ఆ చెత్త ఎన్నిసార్లు మనిషి చేతులమీదుగా పోతుందో లెక్కపెట్టండి.

1980లలో ఇలా ఉండేది. ఇల్లాలు అరటితొక్క ఒరలో పడేసింది. తెల్లవారి పారిశుద్ధ్య కార్మికురాలు వచ్చి, రెండు రేకుముక్కలతో దాన్ని తట్టలోకి ఎత్తింది. ఒకటి. తట్ట నెత్తిన పెట్టుకుని తోపుడు బండిలో పోసింది. రెండు. ఆ బండిని పెద్దవీధి చివరకు తోసుకెళ్ళి కుప్పగా దింపింది. మూడు. మధ్యాహ్నం ట్రాక్టరు వస్తే నలుగురు కలిసి పారలతో, తట్టలతో తొట్టెలోకి ఎక్కించారు. నాలుగు. ఊరి బయట తొట్టెలోంచి పారలతో కిందికి లాగారు. ఐదు. ఒక్క అరటితొక్కను అయిదుసార్లు మనిషి ఎత్తాడు. చేతికి తొడుగు లేదు, కాలికి జోడు లేదు. ఆ అయిదింటిలో ఏదో ఒకదానిలో గాజుపెంకు ఉండేది. మా సెక్షనుకు వచ్చే సెలవు చీటీల్లో "చెయ్యి తెగినందున" అన్న మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఈ బాధ మనకొక్కరికే వచ్చినది కాదు. పారిస్ నగరంలో పుబెల్ అనే ఉన్నతాధికారి ఉండేవాడు. 1883లో ఆయన ఒక ఉత్తర్వు వేశాడు. ఇళ్ళ యజమానులు మూతలున్న డబ్బాలు పెట్టాలని, కుళ్ళే చెత్త ఒకదానిలో, కాగితాలూ గుడ్డలూ ఒకదానిలో, గాజూ పింగాణీ మరొకదానిలో వెయ్యాలని అన్నాడు. జనం ఆయన్ని తిట్టుకుంటూ ఆ డబ్బాకు ఆయన పేరే పెట్టారు. ఈనాటికీ ఫ్రెంచి భాషలో చెత్తడబ్బాను పుబెల్ అనే అంటారు. మన ఇళ్ళముందు మూడు రంగుల బుట్టలు పెట్టినప్పుడు ఇదేదో కొత్త వింత అనుకున్నాం. 140 ఏళ్ళ కిందటి సంగతి అది.

న్యూయార్కులో 1895లో కర్నల్ వారింగ్ అనే ఆయన వీధుల శుభ్రతకు అధికారిగా వచ్చాడు. ఆయన చేసిన పని రెండు ముక్కల్లో చెబుతాను. ఊడ్చేవారందరికీ తెల్లని దుస్తులిచ్చాడు. తెల్లబట్టల్లో ఉంటే మనిషి వీధికి కనబడతాడు, వైద్యశాఖ మనిషిలా గౌరవంగా ఉంటాడు అని ఆయన ఆలోచన. రెండోది, అదే వీధి 1893లో ఎలా ఉండేదో, 1895లో ఎలా ఉందో పక్కపక్కన ఫొటోలు వేసి పత్రికల్లో చూపించాడు. నూరు పేజీల నివేదిక చేయలేని పని రెండు ఫొటోలు చేశాయి. మన ఆఫీసుల్లో 'పనికి ముందు, పని తరువాత' అని ఫొటోలు పెట్టమంటారు చూశారా, ఆ అలవాటు అంత పాతది.

కాని ఆ తరహా ఫొటోల్లో ఒక లోపముంది. ముందు ఫొటోలో చెత్త ఉంటుంది, తరువాతి ఫొటోలో చెత్త ఉండదు. మధ్యలో దాన్ని తీసిన మనిషి రెండింటిలోనూ ఉండడు. ఆ లోపాన్ని పూడ్చినవారు తరువాత వచ్చారు. అదే న్యూయార్కులో 1979, 80 సంవత్సరాలలో యూకెలిస్ అనే కళాకారిణి ఊరంతా తిరిగి, 8,500 మంది పారిశుద్ధ్య సిబ్బందిలో ఒక్కొక్కరి చేతిలో చెయ్యి వేసి, ఈ ఊరిని బతికిస్తున్నందుకు ధన్యవాదాలు అని చెప్పింది. మన దేశంలో బొంబాయికి చెందిన సుధారక్ ఓల్వే అనే ఫొటోగ్రాఫరు అక్కడి కార్పొరేషను సఫాయి కార్మికుల పనినీ ఇళ్ళనూ ఏళ్ళతరబడి ఫొటోలు తీశారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వారు తెలిసి చేసిన పని. నా విషయంలో పొరపాటున జరిగింది. అదీ చెబుతాను.

మూడో వరస ఫొటోలు 1994 తరువాతివి. ఆ ఏడాది సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అన్న వార్త వచ్చింది. మన ఊళ్ళలో కూడా జనం ముక్కుకు గుడ్డలు కట్టుకు తిరిగారు. చెత్త తీయకపోతే ఏమవుతుందో అప్పుడు దేశానికి భయం పుట్టింది. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆవిడ సుప్రీంకోర్టులో వ్యాజ్యం వేశారు. దాని ఫలితంగా 2000లో ఘనవ్యర్థాల నియమాలు వచ్చాయి. నా సీటుకు వచ్చిన ఆ నియమాల ప్రతిని నేను రెండుసార్లు చదివాను. చెత్తబండ్లకు పైకప్పు ఉండాలన్నారు. కుళ్ళేదానికి ఆకుపచ్చ, మళ్ళీ వాడుకునేదానికి తెలుపు, మిగతావాటికి నలుపు డబ్బా అన్నారు. వాహనాలు ఎలా ఉండాలంటే చెత్తను పదేపదే ఎత్తిదించే పని లేకుండా ఉండాలన్నారు. నా అయిదుసార్ల లెక్క అందులో చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. కాగితం మీద వచ్చింది గదా, వీధిలోకి ఎప్పుడొస్తుందా అని చూశాను.

నెమ్మదిగా వచ్చింది. ఇనుప తొట్టెలు, వాటిని అలాగే ఎత్తుకుపోయే డంపర్ బండ్లు వచ్చాయి. ఈల ఊదుకుంటూ మూడు చక్రాల రిక్షాలు ఇళ్ళముందుకొచ్చాయి. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలైంది. 2016లో కొత్త నియమాలు వచ్చి, వేరు చేసి ఇవ్వడం ఇంటివారి బాధ్యత అన్నాయి. మన శ్రీకాకుళం, విజయనగరం రెండూ 2015లో కార్పొరేషన్లయ్యాయి. 2021 అక్టోబరులో మన రాష్ట్రంలో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలిచ్చి, పాటలు పాడే ఆటోలు పంపారు. వాటికి నెలనెలా డబ్బులడిగితే ఇంటింటా తగాదాలయ్యాయి. 2024 చివర ఆ వసూలు రద్దయింది. రాజకీయాలు ఈ వేదికకు వద్దు. నా లెక్క ఒక్కటే చెబుతాను. నేరుగా బుట్టలోంచి ఆటోలోకి, ఆటోలోంచి పెద్దబండిలోకి యంత్రంతో పోతే మనిషి ఎత్తేది ఒకసారే. అయిదు ఒకటయింది. అదీ మనం వేరు చేసి ఇస్తేనే. కలిపి ఇచ్చామా, యార్డులో ఎవరో చేత్తో కెలికి వేరు చేయాలి. లెక్క మళ్ళీ పెరుగుతుంది.

మన జిల్లాలోనే బొబ్బిలి ఉంది. కోటకూ వీణకూ పేరున్న ఊరు చెత్తకు కూడా పేరు తెచ్చుకుంది. తడి చెత్త, పొడి చెత్త వేరుగా తీసుకోవడం, తడిదాన్ని వానపాములకు వేసి ఎరువు చెయ్యడం, చెత్త యార్డును చూడబోయేలా ఉద్యానవనంగా మార్చడం అక్కడ జరిగింది. ఇతర ఊళ్ళ కౌన్సిలర్లు బస్సు కట్టించుకుని చూడడానికి వెళ్ళారు. నేనూ మా మనుమణ్ణి తీసుకుని వెళ్ళాను. ఆ ఫొటో మూడో వరసలో చివరది. వాడు ముక్కు మూసుకుని నిలబడతాడేమోనని చూశాను. మూసుకోలేదు.

నాలుగో వరస పండుగలవీ, ఆపదలవీ. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను మంగళవారం జరుగుతుంది. సిరిమాను ఫొటో ప్రతి ఇంట్లోనూ ఉంది. బుధవారం తెల్లవారు జామున మూడు లాంతర్ల దగ్గర ఫొటో ఎవరింట్లో ఉంది? నా దగ్గరుంది. లక్షలమంది వదిలి వెళ్ళిన చెప్పులు, అరటిగెలల కాడలు, కాగితాలు, వాటి మధ్య వంగిన నడుములు. అరసవల్లి రథసప్తమి మర్నాడు కూడా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి చెట్లన్నీ రోడ్లమీద పడ్డాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను కొట్టింది. కొబ్బరిచెట్టు పడిన ఫొటో అందరూ తీశారు. ఆ మొద్దులను ముక్కలు చేసి ట్రాక్టరుకెత్తినవారిని నేను తీశాను. కరోనా నాటి ఫొటో ఒకటుంది. వీధంతా తలుపులు వేసి ఉంది, వీధిలో ఒక్క మనిషి, చేతిలో చీపురు.

అదే వరసలో ఒక ఫొటోలో చెత్త తప్ప ఏమీ లేదు. 2023 డిసెంబరు ఆఖరి వారం నుంచి రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. రెండు వారాలు సాగింది. మన వీధి మలుపులో కుప్ప నడుమెత్తు పెరిగింది. నేను ఫొటో తీస్తుంటే పక్కింటివారు "చూశారా వీళ్ళ పొగరు" అన్నారు. నాకు తోచిన మాట చెప్పాను. "ఏళ్ళతరబడి ఈ కుప్ప ఇక్కడ ఎందుకు లేదో ఇవాళ కనబడుతోందండీ" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

ఇక మొదట చెప్పిన ఫొటో. గోడమీద దాన్ని విడిగా పెట్టాను.

అది 1988 నాటిది. ఏ ఊరో, ఏ మునిసిపాలిటీయో పేరు చెప్పను. మార్కెట్ వీధిలో కుండీ పొంగిపొర్లుతోందని ఫిర్యాదు వస్తే, మా ఆఫీసరు "నీ దగ్గర కెమేరా ఉంది కదా, ఒక ఫొటో తీసి నోటుకు జతచెయ్యి" అన్నారు. పొద్దున్నే వెళ్ళాను. కుండీ పక్కన తోపుడు బండి ఉంది. బండి పట్టుకుని ఒక కార్మికురాలు నిలబడి ఉంది. అప్పటికామె రోజుకూలీ. మస్టరులో పేరు ఉండేది గాని ఉద్యోగం లేదు. నాకు ఫొటోలో కుండీ కావాలి, బండి కావాలి. మనిషి ఉంటే ఫొటో పాడవుతుందనుకున్నాను. "కాస్త పక్కకు జరగమ్మా" అన్నాను.

ఆమె, "నాను ఎల్లిపోతే బండి జారిపోద్ది బావూ, ఇది ఓలుగుంది" అంది. నిజమే, అక్కడ వీధి పల్లం. "సరే, బండి పట్టుకునే పక్కకు ఒంగు, నువ్వు పడకుండా" అన్నాను. ఆమె ఒంగింది. నేను తీశాను. కడిగించి చూస్తే, ఫొటో అంచున ఆమె కుడిచెయ్యి, భుజం, సగం ముఖం పడ్డాయి. బండిమీద తెల్లరంగుతో 11 అని అంకె ఉంది. ఫొటో పాడైందని విసుక్కున్నాను. గుమాస్తా అలవాటు కొద్దీ వెనకాల '14-9-1988, మార్కెట్ వీధి, బండి నం. 11' అని రాసి, ఒక ప్రతి ఫైలులో పెట్టి ఒక ప్రతి ఇంటికి తెచ్చుకున్నాను. ఫైలు కొన్నాళ్ళకు ఎల్.డిస్. అయింది. ఎల్.డిస్. అంటే ఏమవుతుందో ఇక్కడ కూర్చున్నవారికి చెప్పక్కరలేదు.

1994 ఏప్రిల్ 22న జి.ఓ. 212 వచ్చింది. మనలో చాలామంది ఆ జి.ఓ. మీద ఫైళ్ళు నడిపినవారే. 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్ళు ఎడతెగకుండా పనిచేసిన రోజుకూలీలను, ఖాళీలూ మిగతా నిబంధనలూ చూసి, క్రమబద్ధం చెయ్యమన్నారు. అంటే 1988 నవంబరు 25 ముందు నుంచీ పనిలో ఉన్నట్టు కాగితం చూపాలి. ఈమె 1987 నుంచీ పనిచేస్తోంది. కాని 1988-89 మస్టర్లు ఆఫీసులో లేవు. చెదలు తిన్నాయని ఒకరు, వానకు తడిసి పారేశామని ఒకరు. 1989 ఆగస్టు నుంచి ఉన్నాయి. లెక్క చూస్తే అయిదేళ్ళకు కొన్ని నెలలు తక్కువ. "రికార్డు లేదు కావున అర్హురాలు కాదు" అని నోటు రాయమన్నారు. ఆ నోటు రాయవలసిన సీటు నాదే.

నోటు రాశాను. ఇది దాచను. చిత్తు ప్రతి రాసి సొరుగులో పెట్టి ఇంటికి వెళ్ళాను. ఆ రాత్రి ఎందుకో అట్టపెట్టె దింపి పాత ఫొటోలు చూస్తుంటే అది చేతికొచ్చింది. సగం ముఖం. తేదీ నా చేతిరాతే. 1988 సెప్టెంబరు 14.

ఫొటో చూపిస్తే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. ఒక రోజు ఫొటో అయిదేళ్ళ సర్వీసుకు రుజువు కాదని నాకు తెలుసు. కాని బండి అంకె చూడగానే నాకొక సంగతి తట్టింది. చీపుర్లు, తట్టలు, పారలు, బండ్లు ఎవరికిచ్చామో రాసే పనిముట్ల స్టాకు రిజిస్టరు వేరే ఉంటుంది. అది మస్టర్ల బీరువాలో ఉండదు, స్టోర్సులో ఉంటుంది. మర్నాడు స్టోర్సు గదిలో బ్లీచింగు బస్తాల వెనకాల వెదికితే 1988-89 రిజిస్టరు దొరికింది. బండి నం. 11, ఆమె పేరు, నెలనెలా చీపురు, తట్ట తీసుకున్నట్టు ఆమె వేలిముద్ర. ఒక్క నెల తప్పలేదు. చిత్తు నోటు చింపేసి కొత్త నోటు రాశాను. ఆడిట్ వారు రెండుసార్లు తిప్పి పంపారు. రెండేళ్ళు పట్టింది. 1996లో ఆమె క్రమబద్ధమైంది. చివరి తరగతి ఉద్యోగి కాబట్టి అరవై ఏళ్ళ దాకా పనిచేసి 2010లో రిటైరైంది. పెన్షను వచ్చింది.

ఆమె ఒకసారి మా ఇంటికొచ్చి, "బావూ, ఆ పొద్దు నాను పూర్తిగా పక్కకెల్లిపోతే ఏటయ్యేది?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. వీధి పల్లంగా ఉండబట్టి ఆమె ఫొటోలో ఉంది. లేకపోతే నేను తోసేసినట్టే.

ఆమె 2021లో పోయింది. పేరు చెప్పడానికి అనుమతి అడిగే వీలు లేదు కాబట్టి చెప్పడం లేదు. తరువాత ఆమె మనుమడు మా ఇంటికి వచ్చాడు. డిగ్రీ చదివిన కుర్రాడు. పెన్షను కాగితాలకు తీసిన ముసలితనపు ఫొటో తప్ప వాళ్ళింట్లో ఆమె వయసులో ఉన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదట. "మీ దగ్గరుందని మామ్మ చెప్పేది తాతగారూ" అన్నాడు. ఇచ్చాను. వాడు చాలాసేపు చూసి, "పూర్తిది లేదా తాతగారూ?" అన్నాడు.

లేదు. నేను తీయలేదు.

మిత్రులారా, ఈ ప్రసంగం చెయ్యడానికి నేను ఒప్పుకున్నది ఆ కుర్రాడి ప్రశ్న వల్లనే. కాబట్టి చివరగా కొన్ని విన్నపాలు చేసి ముగిస్తాను.

మొదటిది. ఇప్పుడు ప్రతి చేతిలోనూ కెమేరా ఉంది. 12 ఫొటోలకు రోలు అయిపోతుందన్న బెంగ లేదు. చెత్త పేరుకుంటే ఫొటో తీసి ఫిర్యాదు పెట్టండి, తప్పులేదు. కాని అది తీసిన మనిషి ఫొటో కూడా ఒకటి తియ్యండి. అడిగి తియ్యండి. వద్దంటే మానెయ్యండి. సరేనంటే ముఖం పూర్తిగా పడేలా తీసి, ఒక కాపీ వారికే ఇవ్వండి.

రెండోది. తీసిన ఫొటోకు తేదీ, వీధి, బండి అంకె రాసి పెట్టండి. సెల్లులో ఉన్నవి సెల్లుతో పోతాయి. మంచివి నాలుగు కడిగించి, వెనకాల పెన్సిలుతో రాయండి. మనం ఏటా బతికే ఉన్నామని ముఖం చూపించి సర్టిఫికెట్టు ఇచ్చుకునేవాళ్ళం. రికార్డు విలువ మనకు ఒకరు చెప్పాలా? మీ ఇళ్ళలో పాత వీధుల ఫొటోలు, బండ్ల ఫొటోలు, బజారు ఫొటోలు ఉంటే మన సంఘం ఆఫీసుకు తీసుకురండి. ఒక ఆల్బం చేద్దాం. దాన్ని మాత్రం ఆర్.డిస్. చేద్దాం. శాశ్వతంగా ఉంచుదాం.

మూడోది మన వయసువారికే. మన ఇళ్ళ చెత్తలో ఇప్పుడు కొత్త వస్తువులున్నాయి. ఇన్సులిన్ సూదులు, మందుల రేకులు, పెద్దల డైపర్లు. చెప్పుకోవడానికి సిగ్గుపడి వీటిని అన్నిటితో కలిపి సంచిలో కట్టేస్తాం. సూదిని మూతపెట్టి, గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక బిగించి విడిగా ఇవ్వండి. డైపరు కాగితంలో చుట్టి, మీద ఎర్రగుర్తు పెట్టి వేరుగా ఇవ్వండి. పగిలిన గాజు గ్లాసును గుడ్డలో చుట్టి, చేతికిస్తూ "గాజుంది" అని ఒక్క మాట చెప్పండి. మన షుగరు సూది ఇంకొకరి వేలికి గుచ్చుకోకూడదు.

నాలుగోది. మనందరం ఇక్కడ పెన్షను తీసుకుంటున్నవాళ్ళం. ఇవాళ మన గుమ్మంలో చెత్త తీసుకుపోయే పిల్లల్లో చాలామంది అవుట్‌సోర్సింగు మీద ఉన్నవారు. వారికి మన పెన్షను లేదు. వారి హాజరు, వారి పి.ఎఫ్. కాగితం, వారి జీతం చీటీ జాగ్రత్తగా పెట్టుకోమని మనలాంటి పాత గుమాస్తాలు కాకపోతే ఎవరు చెబుతారు? వారానికొక గంట ఎవరైనా కూర్చుని ఆ కాగితాలు చూసిపెడతామంటే, మొదటి కుర్చీ నాది. మన సంఘం ఆఫీసులోనే, ఆదివారం ఉదయం పదింటికి.

 టీ చల్లారకముందే ఆ గోడవైపు ఒకసారి నడవండి. టీ గ్లాసులు కాగితంవి. దయచేసి పక్కనున్న నీలం బుట్టలో వేయండి.

సెలవు. నమస్కారం.